అమెరికా పికప్ ట్రక్కుకు కెనడాలో పగటి దీపాలు: తక్కువ ఖర్చుతో అమర్చుకునే మార్గాలు

అమెరికాలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, ఆ తర్వాత కెనడాలో స్థిరపడుతున్న కుటుంబాల్లో తెలుగువారూ ఉన్నారు. ఇంటి సామానుతో పాటు, అంతకాలం వాడుకున్న వాహనాన్ని కూడా వెంట తీసుకువెళ్లాలని చాలామంది అనుకుంటారు. అది పికప్ ట్రక్కు అయితే ఆ కోరిక మరింత బలంగా ఉంటుంది. కొత్త దేశంలో అలాంటి బండి మళ్లీ కొనాలంటే పెద్ద మొత్తమే కావాలి. పాతబండి ఇంజిన్ బాగుంటుంది, బ్రేకులు, టైర్లు సక్రమంగా ఉంటాయి. అయినా సరిహద్దు దాటిన తర్వాత కెనడాలో శాశ్వత రిజిస్ట్రేషన్ వెంటనే లభించదు. ముందుగా సరిచేయవలసిన అంశాల జాబితా ఒకటి చేతికి వస్తుంది. ఆ జాబితాలో సాధారణంగా కనిపించే అంశం పగటి దీపాలు.

ఇంగ్లీషులో వీటిని డేటైమ్ రన్నింగ్ లైట్లు అంటారు. వాడుకలో డీఆర్‌ఎల్ అన్న పొడి అక్షరాలే ఎక్కువగా వినిపిస్తాయి. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ, డ్రైవరు ఏ స్విచ్చూ నొక్కకుండానే వాహనం ముందు భాగంలో వెలిగే దీపాలివి. రోడ్డును చూపించడం వీటి పని కాదు. ఎదుటివారికి వాహనం కనిపించేలా చేయడమే వీటి ప్రయోజనం. ఈ తేడా అర్థమైతే, వీటిని అమర్చుకోవడానికి పెద్ద ఖర్చు ఎందుకు అవసరం లేదో కూడా అర్థమవుతుంది.

కెనడాలో తప్పనిసరి ఎందుకు?

పగలు కూడా దీపాలు వెలిగించి వాహనం నడపాలన్న ఆలోచన ఉత్తర ఐరోపాలో మొదలైంది. ఆ దేశాల్లో శీతకాలంలో సూర్యుడు ఆకాశంలో చాలా కిందుగా కదులుతాడు. మధ్యాహ్నమైనా సాయంసంధ్య వెలుగే ఉంటుంది. 1972లో ఫిన్లండ్ పట్టణాల వెలుపలి రహదారులపై శీతకాలంలో ఈ నిబంధన తెచ్చింది. 1977లో స్వీడన్ ఏడాది పొడవునా, అన్ని రోడ్లకూ వర్తింపజేసింది. ఇంచుమించు అదే వాతావరణం ఉన్న కెనడా, 1989 డిసెంబరు 1 తర్వాత తయారైన కార్లు, ట్రక్కులు, బస్సులన్నిటికీ పగటి దీపాలు ఉండాలని నిర్దేశించింది. ఆ దేశపు మోటారు వాహన భద్రతా ప్రమాణాల్లో 108వది ఈ విషయాన్ని వివరిస్తుంది.

పొరుగునే ఉన్న అమెరికా మరో దారి ఎంచుకుంది. 1993లో ఈ దీపాలకు అనుమతి ఇచ్చింది, కానీ తప్పనిసరి చేయలేదు. అందువల్ల ఒకే కంపెనీ, ఒకే నమూనా ట్రక్కును కెనడా విపణికి పగటి దీపాలతోను, అమెరికా విపణికి అవి లేకుండాను విడుదల చేసిన సందర్భాలు అనేకం. సరిహద్దు దాటేవారికి ఎదురయ్యే చిక్కు అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ దీపాల వల్ల నిజంగా ప్రయోజనం ఉందా అన్న ప్రశ్నకు అధ్యయనాలు ఒకే సమాధానం ఇవ్వలేదు. అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ 2008లో వెలువరించిన విశ్లేషణలో, అన్ని వాహనాలనూ కలిపి చూసినప్పుడు గణాంకపరంగా చెప్పుకోదగిన ప్రభావం కనిపించలేదు. అయితే పికప్‌లు, వ్యాన్‌ల వంటి తేలికపాటి ట్రక్కులను విడిగా పరిశీలించినప్పుడు, రెండు వాహనాలు ఢీకొన్న ప్రమాదాల్లో వాటి ప్రమేయం 5.7 శాతం తగ్గినట్లు తేలింది. అంటే సందేహాలున్న విషయంలోనూ, పికప్ నడిపేవారికి మాత్రం కొంత స్పష్టత దొరికింది.

గడువు 45 రోజులు

అమెరికా నుంచి వచ్చే వాహనాల తనిఖీని ట్రాన్స్‌పోర్ట్ కెనడా తరఫున రిజిస్ట్రార్ ఆఫ్ ఇంపోర్టెడ్ వెహికల్స్ అనే వ్యవస్థ చూస్తుంది. సరిహద్దు వద్ద కస్టమ్స్ సిబ్బంది వాహనాన్ని ఆ వ్యవస్థలో నమోదు చేస్తారు. యజమాని రుసుము చెల్లించాలి. తయారీదారు వెనక్కి పిలిచిన లోపాలేవీ సరిచేయకుండా మిగిలిలేవని తెలిపే పత్రం సమర్పించాలి. ఆ తర్వాత తనిఖీ పత్రం అందుతుంది. అవసరమైన మార్పులు చేయించి, గుర్తింపు పొందిన కేంద్రంలో వాహనాన్ని చూపించాలి. దిగుమతి అయిన రోజు నుంచి 45 రోజుల్లో ఇదంతా పూర్తి కావాలి. ఉత్తీర్ణమైతేనే ప్రావిన్సులో శాశ్వత రిజిస్ట్రేషన్‌కు మార్గం తెరుచుకుంటుంది. తయారై 15 ఏళ్లు దాటిన వాహనాలకు ఈ ప్రక్రియ నుంచి మినహాయింపు ఉంది.

పగటి దీపాలతో పాటు పిల్లల సీటును బిగించే కొక్కేలు, దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ వంటివి కూడా ఆయా వాహనం తయారైన సంవత్సరాన్ని బట్టి అవసరం కావచ్చు. ఏ నమూనాను అనుమతిస్తారు, ఏ మార్పులు కావాలి అన్న వివరాలతో ట్రాన్స్‌పోర్ట్ కెనడా ఒక జాబితా ప్రచురిస్తుంది. సరిహద్దుకు బయలుదేరడానికి ముందే దాన్ని చూసుకోవడం అన్నిటికన్నా చౌకైన జాగ్రత్త. అనుమతి లేని నమూనాకు దీపాలు అమర్చినా ఫలితం ఉండదు.

మొదటి మార్గం: ఉన్నదాన్నే మేల్కొలపడం

ఏదైనా కొనడానికి ముందు యజమాని తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ట్రక్కులో పగటి దీపాల ఏర్పాటు అసలే లేదా, లేక నిద్రాణంగా ఉందా? ఇటీవలి కాలపు పికప్‌లలో దీపాలను నేరుగా స్విచ్చు కాకుండా, బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటరు నడిపిస్తుంది. ఫోర్డ్ ఎఫ్-150 వంటి ట్రక్కుల్లో ఆ కంప్యూటరులోనే పగటి దీపాల సదుపాయం నిక్షిప్తమై ఉంటుంది. అమెరికాకు పంపిన బండిలో దాన్ని ఆపి ఉంచుతారు, అంతే. డీలరు వర్క్‌షాపులో పరికరం తగిలించి ఆ అమరికను మార్చితే సరిపోతుంది. విడి భాగాలు కొనే పని లేదు, వైరు తెంచే పని లేదు. కాస్త శ్రమకు చెల్లించే రుసుమే ఖర్చు.

కాబట్టి వాహన గుర్తింపు సంఖ్యతో డీలరును ముందుగా సంప్రదించడం మంచిది. కొన్ని ట్రక్కుల్లో వాహనదారుల పుస్తకంలోనే ఈ సదుపాయం గురించి ఉంటుంది. డ్యాష్‌బోర్డు మెనూలోనే ఆ ఎంపిక కనిపించే బండ్లు కూడా ఉన్నాయి.

రెండో మార్గం: హెడ్‌లైట్లనే తక్కువ వెలుగుతో వాడుకోవడం

కంప్యూటరు సాయం లేని పాత ట్రక్కులకు విడిగా అమ్మే డీఆర్‌ఎల్ మాడ్యూల్ అనువైనది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదిగా ఉండే ఈ పరికరం పదుల డాలర్లలోనే లభిస్తుంది. బ్యాటరీ, తాళం తిప్పితే కరెంటు వచ్చే వైరు, హెడ్‌లైటు వైరు, ఎర్తు, ఈ నాలుగింటికీ దాన్ని కలుపుతారు. ఇంజిన్ మొదలవగానే ఇది హెడ్‌లైట్లను తక్కువ తీవ్రతతో వెలిగిస్తుంది. డ్రైవరు హెడ్‌లైటు స్విచ్చు వేయగానే తప్పుకుంటుంది.

వెలుగు తగ్గించడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది కంటికి తెలియనంత వేగంగా కరెంటును ఆపుతూ, ఇస్తూ ఉండడం. రెండోది పాఠశాల భౌతికశాస్త్రంలో చదువుకున్న శ్రేణి సంధానం. రెండు హై బీమ్ ఫిలమెంట్లను ఒకదాని వెనుక ఒకటిగా కలిపితే, ఒక్కోదానికి సగం వోల్టేజి మాత్రమే అందుతుంది. వోల్టేజి సగమైతే వెలుగు సగం కావాలని అనిపిస్తుంది కానీ, ఫిలమెంట్ విషయంలో అలా జరగదు. తీగ చల్లబడేకొద్దీ వెలుగు చాలా వేగంగా పడిపోతుంది. సగం వోల్టేజి వద్ద వెలుగు సుమారు పదో వంతుకు దిగుతుంది. ఖర్చయ్యే విద్యుత్తు మూడో వంతుకు తగ్గుతుంది. బల్బు ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుంది. హై బీమ్ తీవ్రత చాలా ఎక్కువ కాబట్టి, దానిలో పదో వంతు కూడా పగటిపూట ఎదుటివారి దృష్టిని ఆకర్షించడానికి చాలినంత ఉంటుంది.

ఇక్కడ పికప్ యజమానులు గమనించవలసిన అంశం హెడ్‌లైటు ఎత్తు. అమెరికా నిబంధన ప్రకారం హై బీమ్‌ను పగటి దీపంగా వాడితే తీవ్రత 7,000 కాండెలాలు మించకూడదు, దీపం నేల నుంచి 864 మిల్లీమీటర్ల కన్నా ఎత్తులో ఉండకూడదు. ఎత్తైన ట్రక్కులో హై బీమ్ నేరుగా ఎదుటి కారు డ్రైవరు కళ్లలోకి పడుతుంది. సస్పెన్షన్ పెంచి బండిని ఇంకా పైకి లేపినవారు హై బీమ్ పద్ధతిని పక్కన పెట్టి, లో బీమ్‌నో ప్రత్యేక దీపాలనో ఎంచుకోవడం క్షేమం.

మరో హెచ్చరిక కూడా అవసరం. ఈ మాడ్యూళ్లు ఫిలమెంట్ ఉండే హాలోజన్ బల్బుల కోసం తయారైనవి. హెచ్‌ఐడీ, ఎల్‌ఈడీ హెడ్‌లైట్లకు తగిలిస్తే దీపం మినుకుమినుకుమంటుంది, లేదా దాని లోపలి ఎలక్ట్రానిక్ భాగం పాడవుతుంది. పదుల డాలర్లు మిగుల్చుకోబోయి వందల డాలర్ల హెడ్‌లైటు పోగొట్టుకున్నట్లవుతుంది.

మూడో మార్గం: ఒక రిలేతో లో బీమ్

అన్నిటికన్నా సరళమైన పద్ధతి, తాళం తిప్పగానే లో బీమ్ పూర్తి వెలుగుతో వెలిగేలా ఒక రిలే పెట్టడం. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపించే విద్యుదయస్కాంత స్విచ్చు. దాని కాళ్లపై అంకెలు ముద్రించి ఉంటాయి. 86కు తాళంతో వచ్చే కరెంటు, 85కు ఎర్తు, 30కి ఫ్యూజు ద్వారా బ్యాటరీ, 87 నుంచి లో బీమ్ దీపాలకు వైరు. ఇంతే అమరిక.

దీనిలో లోపం లేకపోలేదు. ఒక్కో బల్బు 55 వాట్ల చొప్పున రెండింటికి 110 వాట్లు నిరంతరం ఖర్చవుతాయి. అంటే సుమారు 9 ఆంపియర్ల కరెంటు. ఆ విద్యుత్తును తయారు చేసేది ఆల్టర్నేటరు, దాన్ని తిప్పేది ఇంజిన్, ఇంజిన్‌కు కావలసింది ఇంధనం. పగలంతా వెలగడంతో బల్బులు కూడా త్వరగా మాడిపోతాయి. తక్షణ ఖర్చు తక్కువైనా, ఏళ్ల తరబడి చూస్తే ఇది అంత చౌక కాదు.

కొన్ని జపాన్ తయారీ ట్రక్కుల్లో హెడ్‌లైటు స్విచ్చు ఎర్తు వైపున ఉంటుంది. అంటే బల్బుకు కరెంటు ముందే వచ్చి నిలబడి ఉంటుంది, స్విచ్చు ఎర్తును కలుపుతుంది. అలాంటి బండిలో పైన చెప్పిన అమరిక పనిచేయదు. చేయి పెట్టేముందు వైరింగ్ చిత్రాన్ని చూడాలనేది అందుకే.

నాలుగో మార్గం: విడిగా ఎల్‌ఈడీ దీపాలు

బంపరులోనో గ్రిల్లులోనో బిగించే ప్రత్యేక ఎల్‌ఈడీ దీపాల జత మరో ఎంపిక. హాలోజన్ దీపాలతో పోలిస్తే ఇవి తీసుకునే విద్యుత్తు చాలా తక్కువ. దీర్ఘకాలం మన్నుతాయి. ట్రక్కు అసలు వైరింగ్‌ను పెద్దగా కదిలించే అవసరం ఉండదు.

కొనేటప్పుడు చూడవలసింది మెరుపు కాదు, ముద్ర. అలంకారం కోసం అమ్మే ఎల్‌ఈడీ పట్టీలు పగటి దీపాలు కావు. వాటి కాంతి ఎంత, ఏ దిశలో పడుతుంది అన్నదానికి హామీ ఉండదు. ఐరోపా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 87వ నియంత్రణ ప్రకారం పగటి దీపం 400 నుంచి 1,200 కాండెలాల మధ్య తెల్లని కాంతిని ఇవ్వాలి. అమెరికా ప్రమాణంలో ప్రత్యేక దీపాలకు ఈ పరిధి 500 నుంచి 3,000 కాండెలాలు. ఉత్తర అమెరికా ప్రమాణాన్ని తెలిపే గుర్తు దీపం అద్దంపై ఉందో లేదో చూసి కొనాలి. పెట్టె మీద రాసి ఉన్న మాటలను మాత్రమే నమ్మి కొంటే తనిఖీ కేంద్రంలో చిక్కు రావచ్చు.

ఈ అమరికకు అయిదు కాళ్ల రిలే కావాలి. తాళంతో వచ్చే కరెంటును ఫ్యూజు ద్వారా 30కి ఇచ్చి, 87ఏ అనే కాలు నుంచి ఎల్‌ఈడీలకు తీసుకుంటారు. పార్కింగు లైటు వైరును 86కు, ఎర్తును 85కు కలుపుతారు. మామూలు వేళ 87ఏ కలిసే ఉంటుంది కాబట్టి దీపాలు వెలుగుతాయి. లైటు స్విచ్చు వేసిన మరుక్షణం రిలే లాగుకుని ఆ కలయికను విడదీస్తుంది, పగటి దీపాలు ఆరిపోతాయి. ఇందులో డ్రైవరు గుర్తుపెట్టుకోవలసింది ఏమీ లేదు. నిబంధన ఆశయం కూడా అదే.

ఎక్కడ పొదుపు చేయకూడదు?

పద్ధతిని ఎంచుకోవడంలో పొదుపు ఉండవచ్చు. వైరు, ఫ్యూజు, కీలు విషయంలో ఉండకూడదు. బ్యాటరీ నుంచి నేరుగా తీసుకునే ప్రతి వైరుకూ, బ్యాటరీకి వీలైనంత దగ్గరలో ఫ్యూజు ఉండి తీరాలి. లో బీమ్‌కు సుమారు 9 ఆంపియర్లు అవసరం కాబట్టి 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. ఫ్యూజు తరచూ పోతోందని పెద్దది వేయడం ప్రమాదకరం. ఫ్యూజు కాపాడేది దీపాన్ని కాదు, వైరును. దాని సామర్థ్యం వైరు భరించగలిగినదాని కన్నా ఎక్కువైతే ముందుగా కాలేది వైరే. ఇంజిన్ గదిలో వైరు కాలితే అది దీపంతో ఆగదు.

కెనడా శీతకాలంలో మంచు కరిగించడానికి రోడ్లపై ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు బంపరు వెనుక ఉన్న ప్రతి కీలులోకీ చేరుతుంది. ఉన్న వైరును కొరికి పట్టుకునే చౌకరకం క్లిప్పులు ఆ తడికి త్వరగా తుప్పుపడతాయి. కీలును గట్టిగా నొక్కి లేదా టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టంతో మూసివేయడం అవసరం. వేడి భాగాలకు, కదిలే భాగాలకు వైరును దూరంగా కట్టాలి. ఈ పనిలో అనుభవం లేనివారు సామగ్రి తామే కొని, బిగించే పనిని ఆటో ఎలక్ట్రీషియన్‌కు అప్పగించవచ్చు. అప్పుడు కూడా ఖర్చు అదుపులోనే ఉంటుంది.

తనిఖీకి వెళ్లే ముందు ఇంటి వద్దే నాలుగు పరీక్షలు చేసుకోవచ్చు. బండి స్టార్ట్ చేసి, హ్యాండ్ బ్రేకు తీసి, గేరు వేస్తే దీపాలు వాటంతటవే వెలగాలి. హెడ్‌లైటు స్విచ్చు వేస్తే విడి పగటి దీపాలు ఆరిపోవాలి. ఇండికేటర్లు, హై బీమ్, డ్యాష్‌బోర్డు హెచ్చరికలు మునుపటిలాగే పనిచేయాలి. తాళం తీసిన తర్వాత ఏ దీపమూ మిగలకూడదు. మిగిలితే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది.

పగటి దీపం రాత్రికి సరిపోదు

ఈ దీపాలతో ఒక కొత్త ప్రమాదం కూడా వచ్చింది. చీకటి పడిన తర్వాత వీధి దీపాల వెలుగులో, ముందు కాస్త కాంతి కనిపిస్తూ, డ్యాష్‌బోర్డు కూడా వెలుగుతూ ఉంటే హెడ్‌లైట్లు వేసే ఉన్నాయని డ్రైవరు భ్రమపడతాడు. నిజానికి ముందు వెలిగేవి పగటి దీపాలు మాత్రమే. వెనుక ఎర్ర దీపాలు ఆరి ఉంటాయి. వెనుక నుంచి వచ్చే వాహనానికి ఆ ట్రక్కు ఆనవాలే ఉండదు. కెనడాలో ఇలాంటివాటిని ఫాంటమ్ వాహనాలు అని పిలుస్తున్నారు, అంటే దయ్యం బండ్లు.

దీన్ని అరికట్టడానికి 2021 సెప్టెంబరు నుంచి అక్కడ కొత్త వాహనాలకు అదనపు నిబంధన అమలులోకి వచ్చింది. పగటి దీపాలతో పాటు వెనుక దీపాలు కూడా వెలగాలి, లేదా చీకటి పడగానే అన్ని దీపాలూ వాటంతటవే వెలగాలి, లేదా డ్రైవరు స్విచ్చు వేసేవరకు డ్యాష్‌బోర్డు చీకటిగా ఉండాలి. ఈ మూడింటిలో ఏదో ఒకటి తయారీదారు ఏర్పాటు చేయాలి. అంతకు ముందు తయారైన దిగుమతి ట్రక్కుకు ఆ రక్షణ ఉండకపోవచ్చు. సాయంత్రమైనా, పొగమంచు కమ్మినా, హిమపాతం కురుస్తున్నా హెడ్‌లైటు స్విచ్చు వేసే అలవాటే అక్కడ రక్షణ.

భారత్‌లో అనుభవం

దీపం దానంతటదే వెలగాలన్న ఆలోచన భారత రహదారులకూ కొత్త కాదు. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశంలో కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజిన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరైంది. మొదటి రోజుల్లో తెలుగు ఊళ్లలోనూ, పట్టణాల్లోనూ ఎదురుగా వచ్చేవారు చేతి వేళ్లు ముడిచి తెరుస్తూ, లైటు వెలుగుతోందని సైగ చేయడం అందరికీ తెలిసిన దృశ్యం. చెప్పేవారిది మంచి మనసే. కానీ ఆ సైగలోనే ఆ దీపం ప్రయోజనం రుజువైంది. పట్టపగలు, అంత దూరం నుంచి, ఎదుటి వ్యక్తి ఆ బండిని గమనించాడు.

అయితే కెనడాలో చేసే మార్పులను ఇక్కడి వాహనాలకు యథాతథంగా వర్తింపజేయరాదు. తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని మార్చే విషయంలో భారత మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ పరిమితులు విధిస్తోంది.

కెనడా చేరిన పికప్ యజమానికి మాత్రం ఆ దేశపు చట్టం కోరేది కొద్దిపాటి వెలుగు. చాలా ట్రక్కుల్లో అది కంప్యూటరులో ఒక అమరిక మార్పుతో వస్తుంది, మిగిలిన వాటిలో ఒక మాడ్యూలుతోనో రిలేతోనో వస్తుంది. జాబితా చూసుకుని, సరైన పద్ధతి ఎంచుకుని, ఫ్యూజు మరవకుండా బిగిస్తే 45 రోజుల గడువులో ఆ పని తేలికగానే పూర్తవుతుంది.